ఇంటి సేవ - బడి చదువు

సోలాపూర్ జిల్లాలో భీమా నది ఒడ్డున పండరిపురం ఉంది. అక్కడి గుడిలో విఠలుడు రెండు చేతులూ నడుము మీద పెట్టుకొని ఒక ఇటుక మీద నిలబడి ఉంటాడు. ఆయన అలా నిలబడటానికి కారణంగా చెప్పే కథ మరాఠీవారికే కాదు, తెలుగువారికీ బాగా తెలిసినదే. పుండలీకుడు తల్లిదండ్రుల సేవలో ఉండగా దేవుడే అతని ఇంటి ముందుకు వచ్చాడట. సేవను మధ్యలో విడిచి లేవడానికి ఇష్టపడని పుండలీకుడు ఒక ఇటుకను బయటికి వేసి, కాసేపు దాని మీద నిలబడి ఉండమన్నాడట. దేవుడు కోపగించుకోలేదు, తిరిగి వెళ్ళిపోలేదు. నిలబడ్డాడు.

తల్లిదండ్రుల సేవ ఎంత గొప్పదో తెలియజెప్పడానికి పెద్దలు పిల్లలకు ఈ కథ చెబుతారు. అది సరైనదే. కాని కథలో మరో సగం ఉంది. దాన్ని అంతగా ఎవరూ పట్టించుకోరు. సేవ చేసేవాని కోసం వాకిట్లో ఒకరు ఓపికగా వేచి ఉన్నారు. ఇంట్లో రోగికి సేవ చేస్తూ చదువుకొనే పిల్లల విషయంలో లోకం ఈ కథలోని మొదటి సగాన్నే గుర్తుపెట్టుకొంది. సేవ చేయమని పిల్లలకు చెబుతుంది. వాళ్ళ కోసం వేచి ఉండటం మాత్రం మరచిపోతుంది.

సోలాపూర్ నగరంలో తెలుగువారు తరతరాలుగా ఉంటున్నారు. తెలంగాణ పల్లెల నుంచి మగ్గాన్ని నమ్ముకొని వచ్చిన పద్మశాలి కుటుంబాలు వీరిలో ఎక్కువ. మగవాళ్ళు మరమగ్గాల మీద దుప్పట్లు, తువ్వాళ్ళు నేస్తే, ఎంతోమంది ఆడవాళ్ళు ఇంటి పట్టున బీడీలు చుడతారు. అలాంటి ఒక ఇంటిని ఊహించుకోండి. తండ్రికి పక్షవాతం వచ్చి ఏడాది అయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా సరిగా రాదు. తల్లి బీడీలు చుట్టకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క కనుక, ఆమె చెయ్యి ఆగితే కూలీ ఆగుతుంది. చుట్టిన బీడీలు అప్పగించి, మళ్ళీ ఆకూ తంబాకూ తెచ్చుకోవడానికి ఆమె పొద్దున్నే కార్ఖానాకు వెళ్ళాలి. తమ్ముడు చిన్నవాడు. ఇక మిగిలింది ఎనిమిదో తరగతి చదివే పదమూడేళ్ళ అమ్మాయి.

ఆమె రోజు తెల్లవారకముందే మొదలవుతుంది. నీళ్ళు పట్టాలి. తండ్రికి ముఖం కడిగి బట్టలు మార్చాలి. పక్షవాతం వచ్చినవారికి పడుకోబెట్టి అన్నం తినిపించకూడదు. మెతుకు గొంతుకు అడ్డుపడవచ్చు, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కాబట్టి దిండ్లు ఆనించి కూర్చోబెట్టి, ఒక ముద్ద మింగిన తరువాతనే మరో ముద్ద పెట్టాలి. రెండేసి గంటలకు ఒకసారి ఒత్తిగిలించి పడుకోబెట్టకపోతే వీపు మీదా, తుంటి మీదా పుండ్లు పడతాయి. రక్తపోటు మాత్రలు వేళ తప్పకూడదు. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు నర్సు ఇవన్నీ ఒక్కసారే చెప్పింది. తల్లి కంటే పిల్లకే బాగా గుర్తున్నాయి. ఇంత పనీ ముగించుకొని బయలుదేరితే, బడిలో గంట కొట్టేసరికి ఆమె ఇంకా వీధి మలుపులోనే ఉంటుంది.

"ఎందుకు ఆలస్యమైంది?" అని ఉపాధ్యాయురాలు అడుగుతుంది.

"నిద్ర లేవలేదు టీచర్" అంటుంది అమ్మాయి.

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఆమే. అయినా అలా ఎందుకు చెబుతుంది? నిజం చెబితే తరగతిలో అందరూ తన వైపు తిరిగి చూస్తారని సిగ్గు. తండ్రి మలమూత్రాలు తానే ఎత్తుతున్నానని పదిమందిలో ఎలా చెప్పడం? తండ్రి పరువు పోతుందని బాధ. ఇంట్లో ఉన్న జబ్బు క్షయో, హెచ్.ఐ.వి.నో, మానసిక వ్యాధో అయితే ఈ భయం ఇంకా ఎక్కువ. పక్కన కూర్చొనే స్నేహితురాలు రేపు బెంచీ మారుతుందేమో! అందువల్ల ఇలాంటి పిల్లలు సోమరులన్న పేరునైనా మోస్తారు కాని, ఇంటి సంగతి నోరు విప్పి చెప్పరు.

బడికి కనిపించేది వేరు. హాజరు పట్టీలో ఆలస్యాలు, గైర్హాజర్లు కనిపిస్తాయి. రాయని ఇంటిపని కనిపిస్తుంది. మధ్యాహ్నం పాఠంలో కునుకుపాట్లు కనిపిస్తాయి. ఆ వెనక ఉన్న మంచం కనిపించదు. విద్యార్థికే జబ్బు చేస్తే వైద్యుని పత్రం తెమ్మంటారు, తెస్తే సెలవు ఇస్తారు. తండ్రికి జబ్బు చేస్తే ఏ పత్రం తేవాలో పిల్లకు ఎవరూ చెప్పరు. పదో తరగతి పరీక్షకు కూర్చోవాలంటే సాధారణంగా 75 శాతం హాజరు ఉండాలి. రోజుకు ఒక పూట చొప్పున పోగొట్టుకొన్న పిల్ల ఆ గీత దగ్గరికి వచ్చేసరికి, ఆమె అక్కడికి ఎలా చేరిందో విచారించేవారు ఉండరు. చివరికి ఒకనాడు ఆమె బడి మానేస్తుంది. "చదువు మీద ఆసక్తి లేదు" అని కారణం రాస్తారు.

ఇలాంటి పిల్లలను లోకం పట్టించుకోదని అనడానికి వీలు లేదు. పట్టించుకొంటుంది, మెచ్చుకొంటుంది కూడా. చిక్కంతా ఆ మెప్పులోనే ఉంది. 2020 మే నెలలో, కరోనా లాక్‌డౌన్ కాలంలో, బీహార్‌లోని దర్భంగా జిల్లాకు చెందిన ఒక పదిహేనేళ్ళ బాలిక గాయపడిన తండ్రిని సైకిలు వెనక కూర్చోబెట్టుకొని, ఢిల్లీ దగ్గరి గురుగ్రామ్ నుంచి సుమారు 1,200 కిలోమీటర్లు తొక్కి సొంత ఊరు చేర్చింది. దేశ విదేశాల పత్రికలు ఆమెను కొనియాడాయి. 2021లో ప్రధానమంత్రి పేరు మీద ఇచ్చే జాతీయ బాల పురస్కారం ఆమెకు లభించింది. ఆమె ధైర్యానికి ఈ గౌరవం తగినదే. అయితే డబ్బు లేక ఆ అమ్మాయి చదువు అంతకుముందే ఆగిపోయింది. అప్పుడు ఎవరూ రాలేదు. సైకిలు ప్రయాణం వార్తలకెక్కిన తరువాతనే ఆమెను మళ్ళీ బడిలో చేర్పించారు. దేశమంతా చూస్తేగాని ఒక పిల్ల చదువు సంగతి గుర్తుకు రాకపోతే, నాలుగు గోడల మధ్య ఎవరికీ కనిపించకుండా సేవ చేసే పిల్లల మాటేమిటి?

మెప్పు ఖర్చు లేనిది. "బంగారు తల్లి! ఇంత చిన్న వయసులో తండ్రిని ఎలా చూసుకొంటున్నదో చూడండి" అని ఇరుగుపొరుగువారు అంటారు. ఆ మాట అన్నవారు ఆ పూట రెండు గంటలు రోగి దగ్గర కూర్చొంటే అమ్మాయి గణితం పాఠం వినగలుగుతుంది. మాట చెప్పడం తేలిక, కూర్చోవడం కష్టం. పైగా, ఒకసారి "బంగారు తల్లి" అనిపించుకొన్న పిల్ల ఇక తనకు కష్టంగా ఉందని చెప్పుకోలేదు. చెబితే ఆ పేరు పోతుంది.

ఈ విషయంలో రెండు రకాల వాదనలు వినిపిస్తాయి. సేవ చేయడం కూడా చదువేనని, పుస్తకాల్లో దొరకని ఓర్పు, దయ, బాధ్యత ఆ పిల్లలకు అబ్బుతాయని కొందరు అంటారు. ఇందులో నిజం ఉంది. జబ్బుగా ఉన్నవారికి మంచినీళ్ళు అందించడం, కబుర్లు చెప్పడం, మందు వేళ గుర్తుచేయడం ఏ పిల్లలైనా నేర్చుకోవలసిన పనులే. కాని ఓర్పు నేర్చుకొన్న పిల్లకు రేపు ఉద్యోగం ఇచ్చేవారు ఓర్పుకు పరీక్ష పెట్టరు, పదో తరగతి మార్కుల పత్రం అడుగుతారు. సేవ వల్ల కలిగే మంచి గుణాల పేరు చెప్పి చదువును తీసివేయడం న్యాయం కాదు. పుండలీకుడు పెద్దవాడు. సేవ ముగిసిన తరువాత కూడా అతని దేవుడు అక్కడే ఉన్నాడు. పదమూడేళ్ళ వయసు అలా నిలబడి ఉండదు.

మరికొందరు దీనికి పూర్తిగా వ్యతిరేకంగా మాట్లాడతారు. పిల్లలు రోగుల పనులు చేయనే కూడదని, వెంటనే వారిని ఆ ఇంటి నుంచి తప్పించి హాస్టలులో చేర్చాలని అంటారు. ఇదీ తొందరపాటే. తండ్రిని ఆ స్థితిలో విడిచి వెళ్ళిన పిల్ల హాస్టలులో మాత్రం మనసు పెట్టి చదవగలదా? తమను విడదీస్తారనే భయంతోనే చాలామంది పిల్లలు ఇంటి సంగతి దాచిపెడతారు. ఆ భయాన్ని నిజం చేసే సాయం సాయం కాదు.

కాబట్టి సేవ మంచిదా, చెడ్డదా అని తర్కించడం వల్ల ప్రయోజనం లేదు. చూడవలసిన కొలత ఒకటే. ఆ పిల్ల ఒక రోజు చేయకపోతే ఆ పని చేయడానికి మరొకరు ఉన్నారా? ఉంటే అది ఇంటి పనిలో చెయ్యి వేయడం. ఎవరూ లేకపోతే అది మోయలేని బరువు. చెయ్యి వేయడాన్ని ప్రోత్సహించాలి. బరువును మాత్రం పంచుకోవాలి.

చట్టం ఈ పిల్లల గురించి ఏమి చెబుతుందో కూడా తెలుసుకోవాలి. 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య హక్కుగా ఇచ్చింది. ఇక్కడ 'నిర్బంధ' అనే మాటను చాలామంది పిల్లల మీద బలవంతం అని అర్థం చేసుకొంటారు. చట్టంలో దాని అర్థం వేరు. పిల్లలు బడిలో చేరేటట్లు, రోజూ వచ్చేటట్లు, ఎనిమిదో తరగతి వరకు పూర్తిచేసేటట్లు చూడవలసిన బాధ్యత ప్రభుత్వానిదని అర్థం. అంటే ఒక పిల్ల బడికి రాలేకపోతే, ఆమెను నిలదీయడం కంటే ముందు ఆమెకు అడ్డమేమిటో కనుక్కోవాలి. అయితే ఈ చట్టం పద్నాలుగేళ్ళ దగ్గర ఆగిపోతుంది. తొమ్మిది, పది తరగతుల్లో, చదువూ ఇంటి బరువూ రెండూ పెరిగే సమయంలో, ఆ అండ ఉండదు. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. బడి వేళల తరువాత, సెలవుల్లో సొంత కుటుంబానికి ప్రమాదం లేని పనుల్లో సాయపడటానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. రోగి సేవకు బడి వేళలు తెలియవు. కూలి లేదు కనుక ఇది కూలిపనీ కాదు. ఇలా ఈ పిల్లల శ్రమ ఏ లెక్కలోకీ రాదు.

లెక్కలోకి రానివారికి సాయం అందడం కష్టం. ఒక ఉదాహరణ చూడండి. క్షయ రోగికి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తుంది. పోషకాహారం కోసం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇస్తూ, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 రూపాయలు చేసింది. చాలా మంచి పని. రోగి పేరు, మందు మొదలుపెట్టిన తేదీ, బరువు అన్నీ నమోదవుతాయి. ఆ ఇంట్లో రోగికి వండిపెట్టి మాత్రలు వేసేది ఎవరు, ఆ మనిషి వయసెంత, ఏ తరగతి అని కూడా ఒక వరుస రాసుకొంటే ఎంత బాగుండును! ఇంగ్లండులో 2014లో చేసిన చట్టం ప్రకారం, ఇంట్లో రోగులను చూసుకొనే పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల అవసరాలను స్థానిక ప్రభుత్వం విచారించాలి. 2023 నుంచి అక్కడి బడుల లెక్కల్లో అలాంటి పిల్లలను వేరుగా నమోదు చేస్తున్నారు. అడిగితేనే తెలుస్తుంది, తెలిస్తేనే ఏదైనా చేయగలరు.

దూరదేశం దాకా పోనక్కరలేదు. కేరళలోని కోజికోడ్‌లో 1993లో కొందరు వైద్యులు, వారి మిత్రులు కలిసి, నయంకాని జబ్బులతో బాధపడేవారికి ఉపశమనం కలిగించే సంఘాన్ని ప్రారంభించారు. తరువాత కొన్ని ఏళ్ళకే అది వీధివీధికీ పాకింది. ఆ వీధివారే కొంత శిక్షణ పొంది, తలా కొంత చందా వేసుకొని, నర్సుతో కలిసి రోగి ఇంటికే వెళ్ళడం మొదలుపెట్టారు. పుండ్లు కడుగుతారు, ఇంటివారికి సేవ చేసే పద్ధతి నేర్పుతారు. ఇంట్లో బియ్యం ఉన్నాయా, పిల్లలు బడికి వెళుతున్నారా అని కూడా చూస్తారు. కాలేజీ విద్యార్థులు కూడా ఈ పనిలో చేరారు. 2008లో కేరళ ప్రభుత్వం ఉపశమన వైద్యానికి ఒక విధానాన్ని ప్రకటించింది. దేశంలో అలా చేసిన మొదటి రాష్ట్రం అదే. అక్కడ జరిగింది అద్భుతమేమీ కాదు. ఒక మంచం బరువును ఒక ఇంటి మీదనే వదిలివేయకుండా వీధి పంచుకొంది.

సోలాపూర్‌లో, బళ్ళారిలో, హోసూరులో, బరంపురంలో ఉన్న తెలుగువారికి సంఘాలు కొత్తవి కావు. పొరుగు భాషల మధ్య తమ భాషను నిలుపుకొన్నది ఒకరికొకరు తోడుగా ఉండబట్టే. పెళ్ళికీ, పండుగకూ, చావుకూ పదిమంది చేరే అలవాటు ఇంకా ఉంది. చనిపోయిన ఇంటికి అన్నం పంపే ఆచారం ఎంతో మంచిది. ఏళ్ళ తరబడి జబ్బుతో ఉన్న ఇంటికి వారానికి రెండు పూటలు మనిషిని పంపే ఆచారం కూడా రావాలి. అది రావడానికి డబ్బు అంతగా అవసరం లేదు. ఎవరు ఏ రోజు వెళ్ళాలో రాసుకొనే ఒక కాగితం చాలు.

బడి చేయవలసింది కూడా పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఒక పిల్ల తరచుగా ఆలస్యంగా వస్తుంటే, తరగతిలో నిలబెట్టి కాక, విడిగా పిలిచి "ఇంట్లో అందరూ బాగున్నారా?" అని ఒక ఉపాధ్యాయుడో ఉపాధ్యాయురాలో అడగాలి. తెలిసిన సంగతిని పదిమందికి చెప్పకూడదు. మొదటి పీరియడు తప్పిపోయే పిల్లకు ఆ పాఠం మధ్యాహ్నం పది నిమిషాలు చెప్పవచ్చు. ఇంటిపని తేవడానికి గడువు పెంచవచ్చు. రోగిని ఆసుపత్రికి తీసుకువెళ్ళిన రోజులకు చీటీ ఉంటే హాజరు లెక్కలో దాన్ని గుర్తించేటట్లు నియమాలు మారాలి. ఎంత చేసినా బడికి రావడం కుదరని పరిస్థితి వస్తే, పేరు కొట్టివేసి ఊరుకోకుండా మరో దారి చూపాలి. 1989లో స్థాపించిన జాతీయ సార్వత్రిక విద్యాలయం ద్వారా పదో తరగతిని తెలుగు మాధ్యమంలో కూడా చదవవచ్చు. ఒక్కొక్క సబ్జెక్టూ ఉత్తీర్ణులవుతూ అయిదేళ్ళలో పూర్తిచేసే వీలుంది. అయితే అది చివరి దారి. బడి తన బరువు తగ్గించుకోవడానికి వాడుకొనే తలుపు కాకూడదు.

డబ్బు సాయానికి కూడా మార్గం ఉంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం తల్లిదండ్రులు ప్రాణాంతక వ్యాధికి గురైన పిల్లలను, ప్రమాదం వల్ల అశక్తులైనవారి పిల్లలను ఆర్థిక సాయానికి అర్హులుగా గుర్తించింది. కేంద్ర ప్రభుత్వపు మిషన్ వాత్సల్య పథకం కింద, ఆదాయ పరిమితి వంటి షరతులకు లోబడి, అలాంటి పిల్లలకు నెలకు 4,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు ఉంది. పిల్లలు ఇల్లు విడిచి వెళ్ళనక్కరలేదు. పైగా చదువు సాగించాలి. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు చేయాలి. 1098 నంబరుకు ఫోను చేసినా దారి చూపుతారు. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే విద్యార్థి వేతనం వేరే ఉంది. పథకాలు ఉన్నాయి కాని, తెల్లవారుజామున లేచే పిల్లకు వాటి పేర్లు తెలియవు, కార్యాలయాల చుట్టూ తిరిగే తీరిక తల్లికి లేదు. ఆ దరఖాస్తు నింపిపెట్టేవారు ఒకరు కావాలి. అది బడి చేయగల పని, సంఘం చేయగల పని.

తరగతిలోని తోటి పిల్లలకు కూడా ఇందులో పాత్ర ఉంది. నిన్నటి పాఠం రాసుకొన్న పుస్తకం సాయంత్రం తీసుకువెళ్ళి ఇవ్వడం చిన్న పనే. "ఎందుకు రాలేదు?" అని ఎగతాళిగా కాక ప్రేమగా అడగడం ఇంకా చిన్న పని. మానేసిన స్నేహితురాలి ఇంటికి బడినుంచి మొదట వెళ్ళవలసింది తోటి పిల్లలే. ఇంట్లో రోగిని చూసుకొంటున్న పిల్లలు కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కష్టం చెప్పుకోవడం తండ్రి పరువు తీయడం కాదు. అలసిపోవడం ప్రేమ లేకపోవడం కాదు. నమ్మకమైన ఒక్క పెద్దమనిషికి చెప్పినా బరువు సగం దిగుతుంది.

మళ్ళీ ఆ అమ్మాయి దగ్గరికి వద్దాం. రేపు కూడా ఆమె తండ్రిని కూర్చోబెట్టి అన్నం తినిపిస్తుంది. తినిపించాలి కూడా, ఆయన ఆమె తండ్రి. కాని ఆ పూట పక్కింటి అవ్వ వచ్చి, "నువ్వు పో బిడ్డా, మధ్యాహ్నం దాకా నేనుంటా" అని మంచం పక్కన కూర్చొంటే, బడిలో ఆమె చోటును ఖాళీగా ఉంచి, తప్పిన పాఠాన్ని దాచి ఉంచితే, ఆమె రెండు పనులూ చేయగలదు. విఠలుడు ఇటుక మీద యుగాలుగా నిలబడి ఉన్నాడంటారు. బడి అంతకాలం నిలబడనక్కరలేదు. ఒక పిల్ల ముద్ద ముద్దకూ ఆగి తండ్రికి అన్నం పెట్టి వచ్చేదాకా నిలబడితే చాలు.